ఆన్‌లైన్ ఫ్రీలాన్స్ పనిని వ్యాపారంలా నడపడం ఎలా: రేటు లెక్క నుంచి వసూలు, పన్నుల దాకా

ఫ్రీలాన్స్ మొదలుపెట్టినవాళ్లు అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. రేటు ఎంత చెప్పాలి? అడ్వాన్స్ అడిగితే క్లయింట్ జారిపోతాడా? డాలర్లు సేవింగ్స్ ఖాతాలో పడితే ఇబ్బందా? జీఎస్‌టీ కట్టాలా? చిన్న మార్పు అంటూ పదిసార్లు చేయించుకుంటే ఏమనాలి?

విడివిడిగా జవాబు చెబితే ఇవి తేలవు, ఎందుకంటే అసలు చిక్కు వరసలో ఉంది. చాలామంది ముందు క్లయింట్‌ను వెతుకుతారు. పని చేతికొచ్చాక రేటు గురించి, డబ్బు ఆగిపోయాక ఒప్పందం గురించి, పన్ను రిటర్న్ వేసే రోజు వచ్చాక లెక్కల గురించి ఆలోచిస్తారు. ఈ వరసను తిరగేయాలి. లెక్క ముందు, కాగితం తర్వాత, క్లయింట్ ఆ తర్వాత.

ఉదాహరణలన్నిటికీ యూట్యూబ్ ఛానెళ్లకు వీడియో ఎడిటింగ్ చేసే ఒక మనిషిని తీసుకుంటున్నాను. హైదరాబాద్ అయినా రాజమండ్రి అయినా పద్ధతి ఒకటే. మీరు వెబ్‌సైట్లు కట్టినా, అనువాదాలు చేసినా, చిన్న కంపెనీలకు ఖాతాలు రాసినా అంకెలు మారతాయి, మెట్లు మారవు.

## 1. ఏం అమ్ముతున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"వీడియో ఎడిటింగ్, లోగోలు, డేటా ఎంట్రీ, సోషల్ మీడియా అన్నీ చేస్తాను" అని రాసుకున్న ప్రొఫైల్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఎవరికి, ఏ పని, ఎంత సమయంలో అనే మూడూ ఒకే వాక్యంలో పట్టాలి.

"వంటల యూట్యూబ్ ఛానెళ్లకు 8 నుంచి 12 నిమిషాల వీడియోలను సబ్‌టైటిళ్లు, థంబ్‌నెయిల్‌తో సహా 4 రోజుల్లో ఎడిట్ చేసి ఇస్తాను." ఇది అమ్మకానికి పెట్టగలిగిన వస్తువు. దీనికి ధర చెప్పవచ్చు, ఎన్ని గంటలు పడుతుందో ముందే అంచనా వేయవచ్చు. ఇందులో లేని పని వస్తే విడిగా ధర అడగవచ్చు.

నమూనాలు లేవని ఆగిపోకండి. సొంత ఫోన్‌తో తీసిన ఫుటేజీతోనే మూడు వీడియోలు ఎడిట్ చేసి చూపించండి. ఒకే రకం పనికి మూడు మంచి నమూనాలుంటే, పది రకాల పనికి ఒక్కో నమూనా ఉన్నదానికంటే మేలు.

## 2. మొదటి క్లయింట్‌కు ముందే సిద్ధంగా ఉండాల్సినవి

- విడి బ్యాంకు ఖాతా. ఫ్రీలాన్స్ డబ్బు మొత్తం ఇందులోకే రావాలి, పని ఖర్చులన్నీ ఇందులోంచే పోవాలి. ఇంటి ఖర్చుకు నెలకు ఒకసారి మీ పాత ఖాతాకు "జీతం" పంపుకోండి. సంస్థ పేరు పెట్టుకుంటే, లావాదేవీలు పెరిగితే కరెంట్ ఖాతాకు మారండి.
- ఉద్యమ్ నమోదు, అంటే మీ పనిని చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం. ఆధార్, పాన్ ఉంటే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అయిపోతుంది. దీనికి డబ్బులు అడిగే సైట్లన్నీ దళారులవే. కరెంట్ ఖాతా తెరవడానికి పనికొస్తుంది. బకాయిల వసూలులో దీని అసలు విలువ ఏమిటో 6వ మెట్టులో చూద్దాం.
- ఇన్వాయిస్ (బిల్లు) నమూనా. మీ పేరు, చిరునామా, పాన్, వరస సంఖ్య, తేదీ, పని వివరం, మొత్తం, గడువు తేదీ, ఖాతా వివరాలు.
- ఒప్పందం నమూనా. ఒక పేజీ చాలు. 4వ మెట్టులో ఉంది.
- లెక్కల షీటు. తేదీ, ఎవరి దగ్గర్నుంచి, బిల్లు మొత్తం, కోతలు, చేతికొచ్చింది, ఖర్చు, రసీదు. ఇన్ని కాలమ్‌లు చాలు.
- కరెంటు, ఇంటర్నెట్‌కు ప్రత్యామ్నాయం. బ్రాడ్‌బ్యాండ్ ఒక కంపెనీది, ఫోన్ డేటా ఇంకో కంపెనీది అయితే రెండూ ఒకేసారి పోవడం అరుదు. రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ లైనుకే కలపండి. చాలా ఇళ్లలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వైఫై మాత్రం ఆగిపోతుంది.
- ఫైళ్ల బ్యాకప్. ఒక కాపీ లాప్‌టాప్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం కూడా సన్నాహమే. "ఇంట్లోనే ఉన్నావు కదా, గ్యాస్ బండ వస్తే తీసుకో, అత్తయ్యను బస్టాండులో దింపిరా" అనే మాటలు రోజుకు రెండు గంటలు తినేస్తాయి. పని గంటలు ఇవీ అని చెప్పి, ఆ వేళల్లో తలుపు వేసుకోండి. మొదట్లో కొంచెం చిన్నబుచ్చుకుంటారు. నెల నెలా ఒకే తేదీకి డబ్బు ఇవ్వడం మొదలుపెడితే అర్థం చేసుకుంటారు.

## 3. గంట రేటు లెక్క కట్టండి

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పక్కవాడు 2,000కు చేస్తున్నాడు కాబట్టి నేను 1,800కు చేస్తాను అనేది రేటు కాదు. పక్కవాడి ఇంటి అద్దె ఎంతో మీకు తెలియదు.

మన ఎడిటర్ నెల లెక్క ఇలా ఉందనుకుందాం.

- ఇంటికి, సొంతానికి: 35,000
- ఇంటర్నెట్: 1,000
- సాఫ్ట్‌వేర్లు: 2,500
- కరెంటు, ఇన్వర్టర్: 1,500
- లాప్‌టాప్ (90,000 పెట్టి కొన్నది మూడేళ్లు వస్తుందనుకుంటే): 2,500
- ఆరోగ్య బీమా: 1,500
- ఫోను, చిల్లర ఖర్చులు: 1,000
- పొదుపు, అత్యవసర నిధి (పీఎఫ్ లేదు కదా): 15,000

మొత్తం 60,000. ఏడాదికి 7,20,000.

ఇప్పుడు గంటలు. రోజుకు 8 గంటలు కుర్చీలో కూర్చున్నా బిల్లు వేయగలిగేవి నాలుగున్నర గంటలకు మించవు. ప్రపోజల్స్ (పని అడుగుతూ పంపే రాతలు) రాయడం, ఇన్వాయిస్‌లు పంపడం, కొత్తది నేర్చుకోవడం, కొత్త క్లయింట్లతో ఫోన్లు, వీటికి ఎవరూ డబ్బివ్వరు. నెలకు 22 రోజులు వేసుకుంటే సుమారు 100 గంటలు. పండగలు, జ్వరాలు, పని దొరకని వారాలు పోగా ఏడాదికి 11 నెలలే లెక్కపెట్టండి. 1,100 గంటలు.

7,20,000ను 1,100తో భాగిస్తే గంటకు సుమారు 655.

అయిపోలేదు. ప్లాట్‌ఫాం, అంటే మిమ్మల్నీ క్లయింట్‌నూ కలిపే ఫైవర్, అప్‌వర్క్ లాంటి సైటు, తీసుకునే కమిషన్ ఉంది. ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు పనిని బట్టి 0 నుంచి 15 శాతం. మన ఎడిటర్‌కు 10 శాతం పడిందనుకుందాం. జీఎస్‌టీ నంబరు లేకపోతే ఆ కమిషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్‌టీ వేస్తారు, కలిపి 11.8 శాతం. డాలర్లు రూపాయలుగా మారేటప్పుడు ఇంకో 3 శాతం పోయిందనుకోండి. ఇవన్నీ పోగా 655 మిగలాలంటే గంటకు సుమారు 765 అడగాలి.

ఇది కింది గీత. దీనికన్నా తక్కువకు ఒప్పుకున్న ప్రతి గంటకూ మీరు జేబులోంచి ఇస్తున్నట్టే. పై గీత ఎక్కడ ఉండాలో మీ పనితనం, క్లయింట్ అవసరం తేలుస్తాయి.

పనికి ఇంత అని చెప్పేటప్పుడు: పది నిమిషాల వీడియోకు ఎడిటింగ్ 6 గంటలు, మాట్లాడుకోవడానికి ఒక గంట, సవరణలకు గంటన్నర. ఎనిమిదిన్నర గంటలకు 765 చొప్పున 6,500 అవుతుంది. 7,000 చెప్పండి. పైనున్న 500 అనుకోకుండా తగిలే పనికి.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఎడిటింగ్ గంటలే లెక్కేసి మాటలు, సవరణలు వదిలేయడం. మొదటి నెల ప్రతి పనికీ టైమర్ పెట్టుకుని గంటలు రాయండి. మీ అంచనా, అసలు గంటలు పక్కపక్కన పెడితే రేటు ఎందుకు చాలడం లేదో కనిపిస్తుంది.

క్లయింట్ బేరమాడితే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "5,000లో కావాలంటే థంబ్‌నెయిల్, సబ్‌టైటిళ్లు లేకుండా చేసిస్తాను" అనండి. ఊరికే 7,000ను 5,000 చేస్తే మొదటి ధర అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు, తర్వాతి బేరం 5,000 దగ్గర మొదలవుతుంది.

## 4. పని మొదలయ్యే ముందే రాసుకోవాల్సిన మాటలు

వంద రూపాయల స్టాంపు పేపరు అక్కర్లేదు. ఈమెయిల్లో రాసి, అవతలి మనిషి "ఓకే" అని జవాబిచ్చినా చేతిలో ఆధారం ఉన్నట్టే. వాట్సాప్‌లో మాట్లాడుకున్నా సరే, చివరికి అన్నీ ఒక మెయిల్‌లో పెట్టి ఒప్పుకోలు తీసుకోండి. మన ఎడిటర్ పంపాల్సిన మెయిల్ ఇలా ఉంటుంది.

> నమస్తే సర్, నిన్న ఫోన్‌లో అనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.
> పని: 10 నిమిషాల లోపు వంట వీడియోలు 4. ప్రతిదానికీ తెలుగు సబ్‌టైటిళ్లు, ఒక థంబ్‌నెయిల్.
> మీరు ఇవ్వాల్సినవి: ఫుటేజీ, ఛానెల్ లోగో. అన్నీ అందిన రోజు నుంచి నాలుగో రోజుకు ఒక్కో వీడియో ఇస్తాను.
> సవరణలు: ఒక్కో వీడియోకు రెండుసార్లు. ఆ తర్వాత ప్రతిసారికి 800.
> మొత్తం: 28,000. పని మొదలుకు ముందు 14,000, రెండో వీడియో ఇచ్చాక 7,000, మిగతా 7,000 నాలుగో వీడియో ఇచ్చిన 7 రోజుల్లో.
> పూర్తి డబ్బు అందాక ఎడిట్ చేసిన వీడియోల మీద హక్కులు మీవే. ప్రాజెక్టు ఫైళ్లు కావాలంటే విడిగా మాట్లాడుకుందాం.
> మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా చేసిన పనికి డబ్బు ఇవ్వాలి.
> ఇది సరే అయితే ఈ మెయిల్‌కు "ఓకే" అని జవాబివ్వండి. అడ్వాన్స్ అందిన మర్నాడు మొదలుపెడతాను.

ఒక్కో వాక్యం ఒక్కో తగాదాను ఆపుతుంది. ఇందులో ఎక్కువ మంది వదిలేసేది "మీరు ఇవ్వాల్సినవి" అనే లైను. ఫుటేజీ పది రోజులు ఆలస్యంగా పంపి, డెడ్‌లైన్ మాత్రం పాతదే అనే క్లయింట్లు ఉంటారు. గడువు అన్నీ అందిన రోజు నుంచి మొదలవుతుందని రాసి ఉంటే ఆ టెన్షన్ మీ మీదికి రాదు.

సంగీతం సంగతి కూడా తేల్చుకోండి. లైసెన్సు ఎవరు కొంటారు, ఎవరి పేరున ఉంటుంది? ఛానెల్‌కు కాపీరైట్ క్లెయిమ్ వస్తే ముందుగా ఫోన్ వచ్చేది ఎడిటర్‌కే.

అడ్వాన్స్ అడగడానికి మొహమాటం ఎందుకు? పెళ్లికి వంటవాళ్లను మాట్లాడుకున్నా బయానా ఇస్తాం. కొత్త క్లయింట్‌కు సగం అడ్వాన్స్ మామూలు సంగతి. అది కుదరదనేవాళ్లతో పనిని ముక్కలు చేయండి, ఒక్క వీడియో చేసి డబ్బు తీసుకుని రెండోది మొదలుపెట్టండి. రెండిటికీ ఒప్పుకోని మనిషి చివర్లో కూడా ఇవ్వడని నా గట్టి అభిప్రాయం.

ప్లాట్‌ఫాంలో అయితే అడ్వాన్స్ స్థానంలో ఎస్క్రో ఉంటుంది, అంటే క్లయింట్ డబ్బును ముందే ప్లాట్‌ఫాం దగ్గర జమచేసి ఉంచుతాడు. అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ధర పనికి మైల్‌స్టోన్ (పనిలో ఒక వాయిదా) "ఫండెడ్" (డబ్బు జమైంది) అని కనిపించేదాకా ఫైలు తెరవకండి. గంటల పనికైతే వాళ్ల టైమ్ ట్రాకర్ వాడితేనే చెల్లింపుకు రక్షణ వర్తిస్తుంది. గంటలు చేత్తో రాసుకుంటే ఆ రక్షణ లేదు.

## 5. క్లయింట్లను వెతకడం, దొంగలను వదిలించుకోవడం

ఇప్పటికి రేటు ఉంది, మెయిల్ ఉంది, ఖాతా ఉంది. ఇప్పుడు వెతకండి.

ప్రపోజల్‌లో మొదటి రెండు లైన్లే చదువుతారు. "డియర్ సర్, నాకు ఐదేళ్ల అనుభవం ఉంది" అనేది అందరూ రాస్తారు. దాని బదులు వాళ్ల వీడియో ఒకటి చూసి, "మీ గత వీడియోలో మొదటి 40 సెకన్లు పదార్థాల జాబితాకే పోయాయి. పూర్తయిన వంటకం ముందు చూపించి, జాబితాను తర్వాత పెడితే బాగుంటుంది. ఇదే పద్ధతిలో చేసిన నమూనా ఇదిగో" అని రాయండి. అప్‌వర్క్‌లో ప్రతి ప్రపోజల్‌కూ కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, అయిపోతే కొనుక్కోవాలి, కాబట్టి ఇరవై చోట్ల ఒకే ముక్క అతికించడం డబ్బు పారేసుకోవడమే.

ఒక్క ప్లాట్‌ఫాం మీదే బతకకండి. ఖాతా సస్పెండ్ అయితే ఆదాయం ఆ రాత్రికే ఆగిపోతుంది. ప్లాట్‌ఫాం ఒకటి, నేరుగా వచ్చే క్లయింట్లు ఒక దారి, పాత క్లయింట్ల సిఫార్సులు ఇంకో దారి. అయితే అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింట్‌ను వెంటనే బయటికి తీసుకెళ్లి డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. పరిచయమైన రెండేళ్ల దాకా అక్కడే చెల్లింపు జరగాలి, లేదా రుసుము కట్టి బయటికి రావాలి.

అమెరికా క్లయింట్లకు వేళలు ముందే చెప్పండి. న్యూయార్క్ మనకన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. సాయంత్రం 6:30 నుంచి 8:30 మధ్య కాల్స్ పెట్టుకుంటే వాళ్లకు ఉదయం, మీకు నిద్ర మిగులుతుంది. గడువు చెప్పేటప్పుడు ఏ దేశపు టైమో రాయండి.

కింది వాటిలో ఏది కనిపించినా వెనక్కి తగ్గండి:

- పని ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, "ట్రైనింగ్ కిట్" డబ్బులు అడగడం
- ఫారాలు నింపే పని ఇచ్చి, తప్పులున్నాయంటూ లీగల్ నోటీసు పేరుతో బెదిరించి డబ్బు అడగడం
- టెలిగ్రామ్‌లో లైకులు కొట్టిస్తూ మొదట చిన్న మొత్తాలు ఇచ్చి, తర్వాత పెద్ద మొత్తం కట్టమనడం
- మీ అప్‌వర్క్ ఖాతాను అద్దెకు అడగడం
- ఎక్కువ డబ్బు పంపామంటూ తేడా వెనక్కి పంపమనడం
- "శాంపిల్" పేరుతో పూర్తి వీడియో ఉచితంగా చేయమనడం

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తొలి గంటల్లో చెబితే ఆ ఖాతాలో డబ్బును ఆపే అవకాశం ఉంటుంది.

## 6. పని ఇవ్వడం, బిల్లు వేయడం, వసూలు

పని మధ్యలో వారానికి ఒక చిన్న మెయిల్ చాలు. ఏం అయింది, ఏం మిగిలింది, మీ దగ్గర్నుంచి ఏం రావాలి. అడగకముందే చెప్పే మనిషికి రెండో పని దొరుకుతుంది. ఆలస్యమయ్యేలా ఉంటే గడువు దాటాక కాకుండా రెండు రోజుల ముందే చెప్పండి.

ఇప్పుడు ఆ "చిన్న మార్పు" ప్రశ్న. రెండు సవరణలూ అయిపోయాయి. రాత్రి తొమ్మిదికి వాట్సాప్: "అన్నా, చిన్న మార్పే, ఇంట్రో మార్చేద్దాం."

జవాబు: "అలాగే సర్, చేసేద్దాం. మనం అనుకున్న రెండు సవరణలూ అయిపోయాయి కాబట్టి దీనికి 800 అవుతుంది. సరే అంటే రేపు పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఇస్తాను." గొడవ లేదు, అలక లేదు. సగం మార్పులు ఈ ఒక్క మెసేజ్‌తోనే అవసరం లేనివని తేలిపోతాయి. ఎప్పుడైనా ఉచితంగా చేసినా ఇన్వాయిస్‌లో "అదనపు సవరణ 800, తగ్గింపు 800" అని చూపించండి. ఇచ్చింది కనపడాలి.

ఇన్వాయిస్ పని ఇచ్చిన రోజే వెళ్లాలి. నెలాఖరున అన్నీ కలిపి పంపుదాం అనుకుంటే వాళ్లు వచ్చే నెలాఖరున చూద్దాం అనుకుంటారు. కొత్త క్లయింట్‌కు చివరి వాయిదా వచ్చేదాకా వాటర్‌మార్క్ ఉన్న వీడియో ఇవ్వవచ్చు, కాకపోతే ఆ మాట మొదటి మెయిల్‌లోనే రాసి ఉండాలి.

డబ్బు రాకపోతే ఈ వరసలో వెళ్లండి:

1. గడువుకు రెండు రోజుల ముందు మర్యాదగా గుర్తుచేయండి, ఇన్వాయిస్ మళ్లీ జతచేయండి.
2. గడువు దాటిన మర్నాడు మెయిల్. ఏ తేదీకి వస్తుందో ఒక్క తేదీ చెప్పమనండి.
3. వారం తర్వాత ఫోన్. కంపెనీ అయితే మీకు పని ఇచ్చిన మనిషిని వదిలి అకౌంట్స్ విభాగాన్ని అడగండి. ఇన్వాయిస్‌లో పీవో (కొనుగోలు ఆర్డరు) నంబరు లేదనో, పాన్ లేదనో అక్కడ ఆగి ఉంటుంది చాలాసార్లు.
4. అదే క్లయింట్ కొత్త పని ఆపేయండి. బకాయి ఉండగా ఇంకో వీడియో చేస్తే బకాయి పెరుగుతుంది, మీ బలం తగ్గుతుంది.
5. భారతీయ కంపెనీ అయితే ఉద్యమ్ నంబరుతో రాతపూర్వక నోటీసు.

ఐదోది చాలామందికి తెలియదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాత ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలి. గడువు రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. పైగా ఆలస్యం చేసిన కంపెనీ ఆ ఖర్చును డబ్బు ఇచ్చిన ఏడాదిలోనే తన పన్ను లెక్కలో చూపించుకోగలదు. వాళ్ల ఆడిటర్‌కు ఈ మాట బాగా వినిపిస్తుంది. అప్పటికీ కదలకపోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, అది ఇలాంటి బకాయి తగాదాలు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. పని ఒప్పుకోకముందే ఉద్యమ్ నమోదు ఉండాలి. అందుకే దాన్ని రెండో మెట్టులో పెట్టాను. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయండి.

## 7. విదేశీ డబ్బు

విదేశీ క్లయింట్ నుంచి డబ్బు బ్యాంకు వైర్ ద్వారా, పేపాల్, పేయోనీర్, వైజ్ లాంటి వాటి ద్వారా రావచ్చు. ఫీజు ఎంత అని మాత్రమే చూసి మోసపోకండి. ఆ రోజు గూగుల్‌లో కనపడే డాలర్ రేటుకు, వాళ్లు మీకిచ్చిన రేటుకు తేడా చూడండి. అసలు కోత చాలావరకు అక్కడే ఉంటుంది. 500 డాలర్లు పంపితే ఎన్ని రూపాయలు ఖాతాలో పడ్డాయి అనేదొక్కటే పోల్చాల్సిన అంకె.

ప్రతి చెల్లింపుకూ పర్పస్ కోడ్ అడుగుతారు. ఇది ఏ పనికి వచ్చిన డబ్బో రిజర్వ్ బ్యాంకుకు చెప్పే కోడ్. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. మీ పనికి దగ్గరైన కోడ్ ఎంచుకుని ప్రతిసారీ అదే వాడండి. "కుటుంబ ఖర్చులకు" అనే కోడ్ పెట్టారంటే మీ సంపాదన కాగితం మీద బంధువులు పంపిన డబ్బు అయిపోతుంది.

డబ్బు వచ్చినట్టు బ్యాంకు లేదా చెల్లింపు సంస్థ ఇచ్చే విదేశీ చెల్లింపు పత్రాన్ని, అంటే ఎఫ్ఐఆర్‌సీ లేదా ఎఫ్ఐఆర్ఏను, ప్రతిదానికీ దాచండి. విదేశీ క్లయింట్‌కు చేసిన పని జీఎస్‌టీలో ఎగుమతి అని నిరూపించేది ఆ కాగితమే.

అమెరికా క్లయింట్లు, ప్లాట్‌ఫాంలు డబ్ల్యూ-8బెన్ ఫారం అడుగుతాయి. భయపడాల్సింది లేదు, నేను అమెరికా పౌరుడినీ నివాసినీ కాను అని చెప్పే ఫారం అది. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరిదాకా చెల్లుతుంది.

## 8. పన్నులు: తెలిసి ఉండాల్సిన కనీసం

ముందుగా ఒక తప్పు సరిదిద్దుకోవాలి. క్లయింట్ 1,000 డాలర్లిచ్చి, ప్లాట్‌ఫాం 100 కోసుకుని, మీ ఖాతాలో 900 పడితే మీ రాబడి 1,000. ఆ 100 మీ ఖర్చు. బ్యాంకులో పడిందే ఆదాయం అని రాసుకుంటే కింద చెప్పిన పరిమితులన్నీ తప్పుగా లెక్కపడతాయి.

ఆదాయపు పన్ను. లెక్కల పుస్తకాలు పెద్దగా అక్కర్లేకుండా అంచనా పద్ధతి ఒకటుంది. 1961 చట్టంలో అది 44ఏడీఏ సెక్షన్. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారినా పద్ధతి కొనసాగుతోంది. ఇంజనీరింగ్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఐటీ వంటి గుర్తించిన వృత్తులవాళ్లు ఏడాది రాబడిలో సగాన్ని లాభంగా చూపితే సరిపోతుంది. 10 లక్షలు వస్తే 5 లక్షలు ఆదాయం. రాబడి పరిమితి 50 లక్షలు, నగదు రూపంలో వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షలు. వీడియో ఎడిటింగ్, కంటెంట్ రైటింగ్ లాంటి పనులు ఈ జాబితాలోకి వస్తాయా, వ్యాపారాలకు ఉన్న ఇంకో అంచనా పద్ధతిలోకి వస్తాయా అన్నది ఒక్కసారి సీఏను కూర్చుని అడగండి. ఆ ఒక్క ఫీజు దగ్గర పొదుపు చేయొద్దు.

2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు (పన్ను మినహాయింపు) వల్ల పన్ను పడదు. అందుకే 3వ మెట్టులోని లెక్కలో పన్ను వేయలేదు. పన్ను పడకపోయినా రిటర్న్ వేయండి. గృహ రుణానికో వీసాకో వెళ్లినప్పుడు జీతం స్లిప్పు లేని మనిషికి రిటర్నులే సాక్ష్యం. ఉద్యోగులకు ఉండే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం ఫ్రీలాన్స్ ఆదాయానికి లేదు.

ఏడాది పన్ను 10,000 లేదా అంతకు మించి ఉంటే ముందస్తు పన్ను కట్టాలి. అంచనా పద్ధతివాళ్లు మొత్తం మార్చి 15 లోపు, మిగతావాళ్లు జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15వ తేదీల్లో వాయిదాలుగా.

భారతీయ కంపెనీలు వృత్తి ఫీజు ఏడాదికి 50,000 దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటాయి. అది మీ డబ్బే. పట్టుకున్నది మీ పాన్ మీద జమయిందో లేదో మూడు నెలలకోసారి పన్ను పోర్టల్‌లో చూడండి. లేకపోతే వాళ్ల అకౌంట్స్‌కు వెంటనే మెయిల్ చేయండి, ఏడాది గడిచాక పట్టించుకోరు.

జీఎస్‌టీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. ఎగుమతులు కూడా ఆ 20 లక్షల్లో కలుస్తాయి. నమోదైనవాళ్లు విదేశీ క్లయింట్‌కు పన్ను లేకుండా బిల్లు వేయాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయాలి. ఏప్రిల్ మొదటి బిల్లుకు ముందే ఆ పని అయిపోవాలి. దేశంలోని క్లయింట్లకు సాధారణంగా 18 శాతం వేస్తారు, ధర చెప్పేటప్పుడే "జీఎస్‌టీ అదనం" అని రాయండి. లేకపోతే ఆ 18 శాతం మీ జేబులోంచి పోతుంది.

## 9. నెలకు ఒకసారి, రెండు గంటలు

నెల మొదటి శనివారం పొద్దున్న కొత్త పని పెట్టుకోకుండా ఇవి చూడండి.

- బ్యాంకు స్టేట్‌మెంట్, లెక్కల షీటు సరిపోయాయా?
- గడువు దాటిన బిల్లులెన్ని? ఎవరికి ఏ తేదీన గుర్తుచేశాను?
- ఒక్కో క్లయింట్‌కు పెట్టిన గంటలతో వాళ్లిచ్చిన డబ్బును భాగిస్తే గంటకు ఎంత?
- ఒక్క క్లయింట్ దగ్గర్నుంచే సగానికి మించి వస్తోందా?
- అత్యవసర నిధి ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుంది? (ఆరు నెలలు లక్ష్యం పెట్టుకోండి.)
- ఏ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కడుతూ వాడటం లేదు?

మూడో ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చోండి. పెద్ద బిల్లు ఇచ్చే క్లయింటే మంచి క్లయింటని అనుకుంటాం. గంటలు లెక్కేస్తే నెలకు 40,000 ఇచ్చే పెద్ద ఛానెల్ గంటకు 400 దగ్గర, 12,000 ఇచ్చే చిన్న ఛానెల్ గంటకు 900 దగ్గర తేలవచ్చు. అలా తేలితే పెద్ద ఛానెల్‌ను వదిలేయమని కాదు, ముందు రేటు పెంచి చూడండి.

పాత క్లయింట్‌కు రేటు పెంచేటప్పుడు కనీసం నెల ముందు చెప్పాలి, క్షమాపణలు అక్కర్లేదు. "సర్, జూన్ 1 నుంచి ఒక్కో వీడియోకు నా రేటు 8,500 అవుతుంది. మే నెలలో ఒప్పుకున్నవన్నీ పాత రేటుకే పూర్తిచేస్తాను. నెలకు నాలుగు వీడియోలు ఖాయంగా ఇస్తానంటే 8,000కు చేస్తాను." ముగ్గురికి పంపితే ఒకరు వెళ్లిపోవచ్చు. దానికి సిద్ధంగా ఉండి పంపండి, ఆ నెలలో ఇద్దరు కొత్తవాళ్లకు ప్రపోజల్స్ ముందే వెళ్లి ఉండాలి.